తారు పూసిన బొంత

"చచ్చిపోయిన దాని కోసం బతికున్న నా పరువు తీస్తావా అమ్మా?"

ప్రదర్శనశాల మెట్ల మీదే కొడుకు అన్న మాట అది! ముసలి తల్లి మెట్టు మీదే ఆగిపోయింది. కొడుకే రెక్క పట్టుకుని లోపలికి నడిపించి బల్ల మీద కూర్చోబెట్టాడు... పదిమంది చూస్తున్నారు మరి!

గోడల నిండా ఆమె భర్త బొమ్మలు. యుద్ధం ముగిసిన కొత్తలో "ఇదేం బొమ్మయ్యా, గోనెపట్టా!" అని నవ్విన లోకమే, ఆయన పోయిన ఇరవై ఏళ్ళకు కళాశాల పిల్లలను వరుస కట్టించి మరీ చూపిస్తోంది. నడిమి గోడ మీద, అన్నిటికన్నా పెద్ద దీపాల కింద, ఆ బొంత! తారు పూసి, మధ్యకు కత్తితో చీల్చి, చెక్కకు మేకులు కొట్టిన బొంత. కింద చీటీలో, "యుద్ధ శిథిలాల్లో ఏరిన పేలికలు" అని ఉంది.

పేలికలా! ఏడు నెలలే బతికిన తన తొలిచూలు ఆడపిల్ల కప్పుకున్న బొంత అది. వంటింటి తెర, భర్త పాత చొక్కా కలిపి, నిండు నెలల్లో కిటికీ పక్కన కూర్చుని తాను కుట్టినది. యుద్ధం చివరి చలికాలంలో పాప పోయింది. శాంతి వచ్చిన వారానికి, ఆమె బజారు నుంచి తిరిగొచ్చేసరికి ఆయన దాన్ని నేల మీద పరిచి తారు పోస్తున్నాడు. "ఇంట్లో ఇంతకన్నా దళసరి గుడ్డ దొరకలేదోయ్" అన్నాడు, తలైనా ఎత్తకుండా!

"చీటీలో ఒక్క ముక్క చేర్చమని అడుగుతాన్రా... మా పాప బొంత అని. అంతే!"

"అంతేనా? నాన్న చెప్పింది నమ్మి పదేళ్ళు కూర్చుని పుస్తకం రాశాను. శిథిలాల్లో ఏరాడని మొదటి పేజీలోనే ఉంది. ఇప్పుడు నువ్వొచ్చి బొంతా గింతా అంటే నన్నెవడు నమ్ముతాడు? నీకు మతిమరుపని ఇక్కడి వాళ్ళకి ముందే చెప్పి ఉంచాన్లే."

ఆమె మళ్ళీ బొంత వైపు తిరిగింది...

అంతలో ప్రదర్శన అధికారిణి పిల్లలతో వచ్చింది. అందరూ నిలబడే మాట్లాడే ఆ చోట, ఆవిడ మాత్రం నేల మీద మోకాళ్ళూని, ముసలామె కళ్ళకు సమంగా ముఖం పెట్టింది.

"పెద్దమ్మగారూ, ఆ మూల ఎర్రదారం కుట్టు చూసినప్పుడల్లా నాకో అనుమానం... అది ఆయన చేతిది కాదేమోనని! మీకేమైనా గుర్తుందా?"

మాట పెదవుల దాకా వచ్చింది. కొడుకు చెయ్యి ఆమె భుజం మీద బిగిసింది. ఆ చెయ్యి వణుకుతోంది. బడిలో పద్యం మరిచిపోయి నిలబడ్డప్పుడూ ఇలాగే వణికేవాడు, పిచ్చి నాయన!

"లేదమ్మా... నాకేం గుర్తులేదు."

అధికారిణి ఆమె చేతిని ఒక్కసారి మెత్తగా నొక్కి లేచింది. పిల్లలు పక్కగదిలోకి వెళ్ళిపోయారు.

"బాగా చెప్పావమ్మా!" కొడుకు చెమట తుడుచుకున్నాడు. "ఇక పద."

"కాసేపు దాని దగ్గర కూర్చోనీ నాన్నా..."

అతను గడియారం చూసుకున్నాడు. "అయిదు నిమిషాలు. అంతే!"

"చాలు నాన్నా, చాలు!"

పాపను పాతిపెట్టిన రోజున, మళ్ళీ విమానాలు వస్తున్నాయని, ఆమెను అక్కడ అంతసేపైనా ఉండనివ్వలేదు.