కంచు కడుపులోని గొంతులు

పూర్వం విరజాపురంలో ఇంటింటా పిల్లలున్నా వీధిలో ఒక్క కేక వినిపించేది కాదు. ఆ కేకలన్నీ కోటగుమ్మం దగ్గర నిలబడ్డ కంచుభటుడి కడుపులో ఉండేవి. పొద్దు వాలితే చాలు, ఆ కడుపులోంచి నవ్వులూ, ఏడుపులూ, అమ్మను పిలిచే పిలుపులూ సన్నగా వచ్చేవి. తల్లులు గుండె చిక్కబట్టుకుని వినేవారు.

పిల్లలకు కాపలాగా ఉండాలని రాజు మృగాంకసేనుడే ఆ యంత్రాన్ని చేయించాడు. తీరా అది గట్టిగా అరిచిన పిల్లల గొంతులు మింగసాగింది. గొడ్డళ్ళకు పగల్లేదు, మంటలకు కరగలేదు. చేసిన భద్రశిల్పి అడవికి పారిపోయాడు. రాబోయే అమావాస్య దాటితే ఆ గొంతులు ఇక తిరిగి రావని జోస్యులు తేల్చి చెప్పారు.

కంచరి పిల్ల పైడికి పదమూడేళ్ళు. ఆమె తమ్ముడు, ఆరేళ్ళ సోమన్న, గొంతు పోయిన నాటినుంచి ఆటలు మానేసి గోడకేసి కూర్చుంటున్నాడు. అది చూడలేక పైడి శిల్పిని వెతుకుతూ కీకారణ్యంలోకి వెళ్ళింది.

వాగు మీది వంతెనకు అడ్డంగా ఒక రాక్షసి కూర్చుని ఉంది. "కాలు పెట్టావంటే నమిలేస్తా!" అంది.

పైడి రెండడుగులు వెనక్కి వేసింది. అయినా, "ఎందుకవ్వా అంత కోపం?" అని అడిగింది.

రాక్షసి పైడి వైపు వంగింది. "నూరేళ్ళకు ఒక్కదానివి అడిగావే! నా గుహ నెత్తిన వంతెన కట్టారు. బండి పోయినప్పుడల్లా నా బుర్ర పగిలిపోతోంది. కట్టేముందు ఒక్కడైనా నన్ను అడిగాడా?"

పైడి చెప్పులు చేత పట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా దాటింది. రాక్షసి ఒదిగి దారిచ్చింది.

ఆవలి దారిలో వెనకనుంచి సోమన్న గొంతు పిలిచింది. "అక్కా, నన్ను వదిలేసి పోతున్నావా?" దారి పక్క బండలకు మనుషుల ముఖాలున్నాయి. అలాంటి పిలుపుకు వెనుదిరిగినవాళ్ళే వాళ్ళంతా. పైడి వెక్కి వెక్కి ఏడ్చింది కానీ తల తిప్పలేదు.

దారి చివర గుహలో కొలిమితిత్తి దానంతటదే ఊగుతోంది. దాని పక్కన పొగలాంటి ముసలివాడు కూర్చుని ఉన్నాడు.

"భద్రశిల్పిని నేనే తల్లీ. చచ్చి ఏడాదైంది, చేసిన తప్పు నన్ను పోనివ్వడం లేదు," అన్నాడు. "పోత పోసేముందు మైనపు అచ్చు మీద, సమ్మతి తెలిపేందుకు ఎవరిచేత చేయి వేయించాలి?"

"అది ఎవరికోసమో వాళ్ళచేత తాతా. మా నాన్న ఎప్పుడూ అలాగే చేస్తాడు."

"నేను రాజుతో వేయించాను, తండ్రులతో వేయించాను. అల్లరి ఉండకూడదన్నారు వాళ్ళు. పిల్లలకేం తెలుసని మిమ్మల్ని అడగలేదు. పిల్లలే ఆలోచించి కొత్త అచ్చు చేసి చేతులు వేయాలి. అప్పుడే పాతది కరుగుతుంది. ఒక్క చేయి తగ్గినా కరగదు."

అమావాస్యనాడు పైడి ఊరు చేరి ఆ మాట చెప్పింది. "పిల్లకాయలతో రాచకార్యాలా?" అని రాజు నవ్వాడు.

"కాపలా వాళ్ళకే కదా మహారాజా!" అంది పైడి. రాజు నవ్వు ఆపి మైనం తెప్పించాడు.

గొంతులేని పిల్లలు మైనంతో కొత్త కావలివాడి బొమ్మ చేస్తూ చేతి సైగలతోనే పోట్లాడుకున్నారు. ఒకడు బొమ్మ చేతిలోని కత్తి పీకేశాడు, ఒకతె దాని చోట దీపం పెట్టింది. చివరికి అందరూ చేతులు వేశారు, సోమన్న తప్ప. వాడు చేతులు చంకల్లో దాచుకున్నాడు.

పొద్దు గుంకుతోంది. "పట్టుకుని వేయించండి!" అని పెద్దలు అరిచారు. భటులు కదిలారు.

"ముట్టుకోవద్దు! బలవంతాన వేయిస్తే అది వాడి చేయి కాదు!" అని పైడి అడ్డం నిలిచింది. తమ్ముడి ముందు కూర్చుని, "నీకేం నచ్చలేదురా?" అంది.

సోమన్న బొమ్మ ముఖాన్ని చూపించి, మునివేళ్ళ మీద నిలబడి చేయెత్తాడు. అందలేదు. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నిలబడ్డ బొమ్మను మళ్ళీ మెత్తజేసి కూర్చోబెట్టారు. అప్పుడు సోమన్న దాని చెంపన చేయి వేశాడు.

కంచుభటుడు నిలువునా కరిగిపోయాడు. గొంతులన్నీ ఒక్కసారిగా వీధిన పడ్డాయి. సోమన్న అక్కను చుట్టుకుని, "నువ్వు పిలిస్తే పలకలేకపోయానే అక్కా," అని భోరుమన్నాడు. పైడి వాణ్ణి ఎత్తుకుంది.

రాజు పైడిని యంత్రశాలకు పెద్దను చేసి, పిల్లలకు సభలో చోటిచ్చాడు. సభ జరిగిన ప్రతిరోజూ ఆయనకు తలనొప్పి వచ్చేది. అయినా బతికున్నన్నాళ్ళూ పిల్లల్నెవరినీ నోరు మూసుకోమనలేదు.