ఏడో అంతస్తు క్యాబేజీ కుండ

తుంగ్ యావ్ మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసి, మేస్త్రీ ఎక్కడని అడిగాను. ఆమె తన పనిముట్ల సంచి నా చేతికిచ్చి, "మోసుకురండి, చూపిస్తాను" అంది. మా పరిచయం అలా మొదలైంది.

చైనా ఉత్తరాన హార్బిన్‌లో లిఫ్టు లేని ఏడో అంతస్తు మాది. హాల్లో వేడినీళ్ళు పారే రేడియేటర్ ముట్టుకుంటే కాలుతుంది. చివరన ఉన్న నా గదిలో మాత్రం కోటు వేసుకుని పడుకోవాలి. పైగా ఆ గది మూలన నానమ్మ క్యాబేజీ ఊరేసిన పెద్ద కుండ ఒకటి. చలి పడలేక, ఇళ్ళకి ఆ వేడినీళ్ళు పంపే హీటింగ్ స్టేషన్‌కి కంప్లైంట్ ఇచ్చాను.

ఆమె నా గది రేడియేటర్‌లో చేరిన గాలి వదిలి, వాల్వ్ పూర్తిగా తెరిచింది. హాల్లోదాన్ని సగానికి తగ్గించింది. దగ్గరిది వేడంతా తాగేస్తే చివరిదానికి ఏం మిగులుతుందని నాకు పాఠం కూడా చెప్పింది. నేను వెంటనే చెయ్యి పెట్టి చూడబోతే వేళ్ళ మీద ఒక్కటిచ్చింది.

"తిప్పగానే వేడెక్కదు. ఒక పూట ఆగాలి."

మూడో రోజుకి గది మళ్ళీ చల్లబడింది. చలి వేసిందన్నది నిజం. ఫోన్ చేస్తూ తల దువ్వుకున్నానన్నదీ నిజమే.

ఈసారి ఆమె వంగి చూస్తే వాల్వ్ కట్టేసి ఉంది. దాన్ని మళ్ళీ తెరిచింది. నేను కాదని ఒట్టు పెట్టినా నమ్మలేదు.

"మూడో కంప్లైంట్ పడితే నన్ను నది అవతలి స్టేషన్‌కి పంపేస్తారు. నేనంటే ఇష్టముంటే నోటితో చెప్పండి. ఇలా ఏడంతస్తులు ఎక్కించకండి" అని, నానమ్మ ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. గది మళ్ళీ చల్లబడినప్పుడు ఫోన్ ముట్టుకోలేదు. నేనే వాల్వ్ తెరిచి, తలుపు సందులోంచి కాపు కాశాను. మర్నాడు దొంగ దొరికింది. కుండ వెనక కూర్చుని తీరిగ్గా వాల్వ్ తిప్పుతున్నది మా నానమ్మ. వేడికి క్యాబేజీ జిగురొచ్చి పాడైపోతుందట.

"నువ్వు ఇంకో దుప్పటి కప్పుకుంటావు. వేడేస్తే క్యాబేజీ ఏం చేస్తుందిరా?" అని నన్నే కోప్పడింది.

కుండని బయట చల్లగా ఉండే మెట్ల దగ్గరికి మోశాను. పక్కింటివాళ్ళు క్యాబేజీ కాజేస్తారేమోనని నానమ్మ మూతకి తాడు కట్టింది. నేను స్టేషన్‌కి వెళ్ళి రెండు కంప్లైంట్లూ వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. అక్కడి పెద్దాయన దాన్ని అందరి ముందూ నాచేతే చదివించాడు. వాల్వ్ కట్టేసింది మా నానమ్మ, కారణం క్యాబేజీ, మేస్త్రీ తప్పేమీ లేదు. అందరూ పడీపడీ నవ్వారు. తుంగ్ యావ్ మాత్రం నవ్వలేదు. నా వైపు చూడకుండా సంచి భుజానికి వేసుకుని బయటికి వెళ్ళింది. ఇక రాదనుకున్నాను.

ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. తుంగ్ యావ్. భుజాన సంచి లేదు, చేతిలో ఖాళీ గిన్నె ఉంది.

"కంప్లైంట్ మీద రాలేదు. ఆ క్యాబేజీ రుచి చూద్దామని" అంది.

నానమ్మ గిన్నె అందుకుని తాడు విప్పడానికి వెళ్ళింది. ఇంతకన్నా మంచి సమయం దొరకదని నాకు తెలుసు.

"మీరంటే నాకు ఇష్టం. నోటితోనే చెబుతున్నాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నా గదిలోకి నడిచి, రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసింది.

"చెప్పానుగా, ఒక పూట ఆగాలి" అంది.

అని, కోటు విప్పి తగిలించి, ఆ పూటంతా మా ఇంట్లోనే కూర్చుంది.