సెంట్ ఒరెల్ గంట

కువైట్ సిటీలో బ్నీద్ అల్ గార్ పేటలో మెట్ల కింద ఇరుక్కున్న టైలర్ షాపు అది. వెంకటేశ్వరి తలుపు తోసుకుని వెళ్ళి, జాకెట్టు గుడ్డ కౌంటర్ మీద పెట్టింది.

"లైనింగ్ వెయ్యాలా?" అడిగాడు మెడలో టేపు వేసుకున్న పెద్దమనిషి.

"వద్దు. మంచులో వేసుకునేది కాదు."

కోడ్ సరిపోయింది. ఆయన లేచి షట్టర్ కిందికి లాగాడు.

పేరు వరప్రసాద్. విజయవాడ మనిషి. కువైట్‌లో పనిచేస్తున్న మన సీక్రెట్ యూనిట్‌కి చీఫ్. ఆయనకి జాకెట్టు కుట్టడం నిజంగానే రాదు. అందుకే వచ్చిన గిరాకీ మళ్ళీ రాదు, షాపు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, రహస్యాలకి అంతకంటే మంచి చోటు దొరకదు.

వెంకటేశ్వరి ఏజెంట్. కోడ్ నేమ్ ఉడత. అదే నగరంలో సల్వా అనే పేటలో ఒక ఇంట్లో పనిమనిషి వేషం. మాట్లాడాలంటే ఆమెకి సిగ్గు. ట్రైనింగ్‌లో "ఈ పిల్ల నోరు విప్పదు" అని పై అధికారులు తల పట్టుకున్నారు. తర్వాత, శత్రువుల ముందు కూడా విప్పదు కదా అని తీసుకున్నారు.

వరప్రసాద్ ప్రొజెక్టర్‌తో గోడ మీద ఒక బొమ్మ వేశాడు. పచ్చటి కొండలు, చెక్క ఇళ్ళు, మధ్యలో చర్చి గోపురం.

"సెంట్ ఒరెల్. ఫ్రాన్స్‌లో చిన్న కొండ ఊరు. ఎండాకాలం ఇక్కడి డబ్బున్న కుటుంబాలు చల్లదనానికి వెళ్తాయి, పనిమనుషుల్ని కూడా తీసుకెళ్తాయి. యజమానులు జలపాతాలు చూస్తూ, పారాగ్లైడింగ్ చేస్తూ ఉంటారు. అక్కడ తెల్లపువ్వు అని ఒక ముఠా ఉంది. అది పనిమనుషుల బ్యాగుల లైనింగ్‌లో డ్రోన్ చిప్స్ పెట్టి కుట్టేస్తుంది."

"పట్టుబడితే?"

"జైలుకెళ్ళేది ఇంటి యజమానురాలు మామా కాదు. బ్యాగు ఎవరిదో వాళ్ళు."

వెంకటేశ్వరి తన సంచి లైనింగ్ తడిమి చూసుకుంది.

"ముఠా నాయకుణ్ణి గైడ్ అంటారు. ఫొటో లేదు. ముఖం గుర్తుపట్టగలిగింది తిరుపాలమ్మ ఒక్కతే. అన్నమయ్య జిల్లా మనిషి. బ్యాగు మొయ్యనంది. వాడు ట్రెక్కింగ్ అని కొండ మీదికి తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, ఎండాకాలంలోనూ కరగని మంచులో వదిలేశాడు. ఆవిడ వాగు పట్టుకుని దిగొచ్చింది. జరిగింది చెప్పవలసిన చోటల్లా చెప్పింది. మతి చెడిందన్నారు."

"మనం?"

"మనం ఆలస్యంగా నమ్మాం." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రేపు ఎగ్జిబిషన్ హాల్లో ట్రావెల్ షో. సెంట్ ఒరెల్ ఊరు ఊరంతా సెట్ వేశారు. గైడ్ వస్తాడు. తిరుపాలమ్మ వేలు చూపిస్తే చాలు, మఫ్టీలో ఉన్న పోలీసులు పట్టుకుంటారు. కానీ కుముదిని నుంచి కబురొచ్చింది."

కుముదిని హైదరాబాద్ అమ్మాయి. తెల్లపువ్వు జీతం తీసుకుంటూ వాళ్ళ కబుర్లు మనకి అమ్మే డబుల్ ఏజెంట్. ఆ షోకి హోస్టెస్ కూడా ఆమే.

"గోపురం గంట పన్నెండు మోగేటప్పుడు తిరుపాలమ్మని కాల్చేస్తారు. ఆ చప్పుడులో తుపాకీ వినపడదు. నీ పని ఆమెని బతికించడం."

ఆయన ఒక తలపిన్ను, ఒక సన్‌స్క్రీన్ ట్యూబ్ ఇచ్చాడు. పిన్నులో మైకు, స్పీకర్. ట్యూబులో రాయిని కూడా నేలకి అంటించేసే జిగురు.

"ముఖానికి మాత్రం రాసుకోకు," అన్నాడు.

* * *

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల మంచు పడుతోంది.

హాలు నిండా ఊరే. చెక్క ఇళ్ళు, పంపులతో నడిచే జలపాతం, తాళ్ళు కట్టిన రాతిగోడ, కేబుల్ కారు, పిల్లలు బల్లల మీద కూర్చుని జారే మంచువాలు. వాలు కింద బండి చక్రమంత జున్ను ముద్ద. కొండ ఎలుక వేషంలో ఎవరో పిల్లల్ని హత్తుకుని ఫొటోలు దిగుతున్నారు. సరదాలన్నీ పిల్లలవి. పక్కన బూట్లు, బ్యాగులు పట్టుకుని నిలబడింది పనిమనుషులు.

వాళ్ళలాగే నీలం యూనిఫాంలో తిరుపాలమ్మ, వెంకటేశ్వరి నడుస్తున్నారు.

"ఆ నీళ్ళ కింద రాతి మీద మా మామా కూసోని కాఫీ తాగేది," అంది తిరుపాలమ్మ. "నేను పిల్లోని బూట్లు పట్టుకోని నిలబడుకునేదాన్ని. అయినా సల్లగుండేది పాపా. కొండ దావలో ఎదురొచ్చినోళ్ళు నాగ్గూడా బోంజూర్ అని పలకరిచ్చేటోళ్ళు. ఈడ ఎవురంటారు?"

"ఊరు బాగుంటాదా అక్కా?"

"సానా బాగుంటాది. ఆ గంటొకటే రోత. గంటలన్నీ కొట్టి, రవ్వంత సేపుండి మళ్ళా మొదలుకాడ్నించి కొడతాది. కయ్యల్లో పని సేసుకునేటోళ్ళు తొలిసారి ఇనకపోతే మలిసారి ఇంటారంట." ఆమె నవ్వింది. "నా మాటా అంతే. తొలిసారి ఎవురూ ఇన్లేదు."

సెంటు వాసన ముందు వచ్చింది, తర్వాత కుముదిని వచ్చింది. ఎర్ర కోటు, తల మీద వాలుగా టోపీ, చేతిలో స్కీయింగ్ కర్ర.

"హలో లేడీస్. స్నో ఫ్రీ, కింద పడితే ఎక్స్‌ట్రా." నవ్వుతూనే గొంతు తగ్గించింది. "ఆంటీని జున్ను ముందు నిలబెట్టు. ఓపెన్ ప్లేస్, మీ వాళ్ళందరికీ కనిపిస్తుంది. సేఫ్."

తిరుపాలమ్మ జున్ను ముందు నిలబడింది. ఇద్దరు మఫ్టీ పోలీసులు ఆమెకి అడ్డంగా నిలబడ్డారు. వెంకటేశ్వరి పైనుంచి అందర్నీ చూడటానికి మంచువాలు ఎక్కింది. తిరుపాలమ్మ ఒక్కో ముఖాన్నే వెతుకుతోంది. గడ్డం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, టోపీవాళ్ళు. ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతోంది.

పిన్నులో వరప్రసాద్ గొంతు గరగరలాడింది. "టైమ్ దగ్గరపడుతోంది. గైడ్ రాలేదు. తిరుపాలమ్మని బయటికి తెచ్చెయ్. ఇది ఆర్డర్."

వెంకటేశ్వరి కిందికి చూసి, తలుపు వైపు సైగ చేసింది. తిరుపాలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"నేను యాడికీ పోను," అంది, పైకి వినపడేట్టు. "నిజం మంచులో వాడు ఇడిసిపెడితేనే సావలా. ఈ కరెంటు మంచులో పోతానా?"

వెంకటేశ్వరి పిన్ను నొక్కింది. చీఫ్‌కి ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

"లేదు సార్."

"ఏమన్నావ్?"

"ఆమె రాదు. నేనూ రాను. ఇవాళ పంపించేస్తే మళ్ళీ ఎవరూ ఆమె మాట వినరు."

అవతల నుంచి జవాబు రాకముందే గంట మోగింది. స్పీకర్లు హాలుని ఊపేశాయి. పోలీసులు ప్రతి చేతినీ, ప్రతి జేబునీ చూస్తున్నారు. వెంకటేశ్వరి దెబ్బలు లెక్కపెట్టింది. పన్నెండూ మోగాయి.

ఏమీ జరగలేదు. జనం చప్పట్లు కొట్టారు.

"ఖలాస్," అన్నాడు వరప్రసాద్. "మన వాళ్ళని పసిగట్టి మానుకున్నారు. అందరూ రిలాక్స్."

పోలీసులు పక్కకి జరిగి చెమట తుడుచుకున్నారు. జున్ను ముందు తిరుపాలమ్మ ఒంటరిగా మిగిలింది.

వెంకటేశ్వరి రిలాక్స్ కాలేదు. వాలు కింద ఎర్ర కోటు నిలబడి ఉంది. స్కీయింగ్ చేసేవాళ్ళు రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుంటారు. కుముదిని పొద్దున్నించీ ఒక్క కర్రతోనే తిరుగుతోంది. ఇప్పుడు ఆ కర్రని నేల మీద ఆనించలేదు. చంకలో బిగించి, కొసని జున్ను వైపు తిప్పింది.

గంట మోగేటప్పుడు అని చెప్పింది. మొదటిసారో రెండోసారో చెప్పలేదు. మొదటి గంటకి కాపు కాసి, తర్వాత అందరూ ఏమరుతారని ఆ కబురు పంపింది. గోపురంతో పాటు గంటని కూడా ఆ ఊళ్ళో ఉన్నట్టే పెట్టారు.

తొలిసారి ఇనకపోతే మలిసారి.

వెంకటేశ్వరి పక్కనున్న పిల్లాడి బల్ల లాక్కుంది. వాడు అరబ్బీలో తిట్టాడు. ఆమె దాని మీద పడి జారింది. గాలి చెవుల్లో హోరెత్తింది. గోపురంలో రెండోసారి మొదటి దెబ్బ పడిన క్షణంలోనే బల్ల వెళ్ళి కుముదిని కాళ్ళని కొట్టింది. కర్ర పైకి లేచింది. గుండు తిరుపాలమ్మ తల పక్కగా పోయి జున్నులో దిగింది.

గంట మోగుతూనే ఉంది. జనానికి ఇంకా అర్థం కాలేదు. హాలు మొత్తంలో ఒక్కరే పరుగు తీశారు. కొండ ఎలుక.

బొజ్జ ఊపుకుంటూ కేబుల్ కారు వైపు ఉరికింది. తల లోపలికి వెళ్ళింది, బొజ్జ తలుపులో ఇరుక్కుంది. వెంకటేశ్వరి వెనకే వెళ్ళి సన్‌స్క్రీన్ ట్యూబు మొత్తం దాని పాదాల మీద పిండింది. తర్వాత బొజ్జని వెనక్కి లాగి, ఎలుక తలని రెండు చేతులతో ఊడబెరికింది.

లోపల తెల్లటి ముఖం, చెమటతో తడిసిన గడ్డం.

తిరుపాలమ్మ పరుగెత్తలేదు. యూనిఫాం సర్దుకుని, నింపాదిగా నడిచి వచ్చి వేలు చూపించింది.

"వీడే. నీ మాట ఎవురింటారని వచ్చీరాని అరబ్బీలో నన్ను ఎగతాళి సేసినోడు." గంట ఆఖరి దెబ్బ దాకా ఆగి, వాడి కళ్ళలోకి చూసింది. "సూడు. ఇంటాండారు."

బూట్లు, బ్యాగులు పట్టుకున్న పనిమనుషులు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు.

పోలీసులు సంకెళ్ళు వేస్తుంటే కుముదిని టోపీ సరిచేసుకుంది.

"నీకు మాటలొస్తాయని తెలీదు ఉడతా."

"అవసరం రాలేదు," అంది వెంకటేశ్వరి.

గైడ్‌ని తీసుకెళ్ళడం మాత్రం ఆలస్యమైంది. నేల చెక్క కోసి, పాదాలకి అంటుకున్న ముక్కతో సహా మోసుకెళ్ళారు.

సాయంత్రం టైలర్ షాపులో వరప్రసాద్ చాలాసేపు టేపు చుట్టాడు, విప్పాడు.

"బాగా చేశావమ్మాయ్. కానీ రూల్ రూలే. ఆర్డర్ ధిక్కరించింది అని నీ ఫైల్లో రాయక తప్పదు."

వెంకటేశ్వరి కుట్టకుండా పడివున్న తన జాకెట్టు గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది.

"రాయండి సార్," అంది. "రెండుసార్లు రాయండి. మొదటిసారి ఎవరూ చదవరు."