రెండో కన్ను

మా ఆవిడ పోయాక కూడా మా ఇంట్లో రోజూ వినిపించే గొంతు ఆమెదే. బడిలో డ్రాయింగు టీచరుగా చేసేది. బొత్తిగా గీయడం రానివాళ్ల కోసమని సెలవుల్లో పాఠాలు చెప్పి ఫోనులో వీడియోలు తీసి పెట్టింది. పెన్సిల్‌తో పిల్లిపిల్ల, కుందేలు, ఏనుగుపిల్ల, అన్నీ బొద్దుగా బుగ్గలేసుకుని ముద్దొచ్చేలా ఉండేవి. నేను వడ్రంగిని. పెన్సిల్ నా చెవి మీదే పుట్టి పెరిగిందని ఆమె ఏడిపించేది గానీ, చెక్క మీద తిన్నటి గీత తప్ప నాకు ఇంకేమీ రాదు. పని నుంచి వచ్చి స్నానం చేసి, లోపలి గదిలో ఆమె బల్ల దగ్గర కూర్చుని ఆ పాఠాలు పెట్టుకునేవాణ్ణి. బొమ్మలు నేర్చుకుందామని కాదు, ఇంట్లో మనిషి అలికిడి ఉంటుందని.

"ముందు తలకి ఒక సున్నా. మెల్లగా. పెన్సిల్ కాగితాన్ని ముట్టుకోవాలి, పొడవకూడదు," అనేది పాఠంలో. ఆ మెల్లగా అన్నదే నాకు చేతకాదు. చెక్క మీద గీసీ గీసీ అలవాటైన చెయ్యి. నేను గీసిన పిల్లిపిల్లని కాగితం తిప్పి వెనక నుంచి తడిమినా మీసాలతో సహా తెలుస్తుంది.

అన్ని పాఠాలకీ ఒకటే ముగింపు. చెవులు, ముక్కు, మూతి అయ్యాక ఒక కన్ను గీసేది. అందులో చిన్న తెల్ల చుక్క వదిలి, పెన్సిల్ కింద పెట్టేసేది. "రెండో కన్ను మీరు గియ్యండి. అది ఎవరు గీస్తే బొమ్మ వాళ్లది," అని నవ్వేది. అక్కడితో పాఠం అయిపోయేది. ఆ తర్వాత ఇల్లంతా బావురుమంటూ ఉండేది.

అది భరించలేకే ఒకరోజు తిరగేసి చేశాను. ఒక కన్ను నేను గీసి, రెండోది ఆమెకి వదిలేశాను. పిల్లిపిల్లని బల్ల మీదే ఉంచి, ఎదురుగా ఆమె కుర్చీ లాగి పెట్టి పడుకున్నాను. వెర్రి అనుకుంటే అనుకోండి.

తెల్లారి చూస్తే రెండో కన్ను ఉంది.

నిద్రలో నేనే గీశానేమో అనుకున్నాను. కాగితం తిప్పి తడిమాను. మొదటి కన్ను వేలికి తగిలింది, రెండోది తగల్లేదు. అంత మెల్లగా గీసే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉండేది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

ఇక రోజూ అదే వరస. పొద్దున లేస్తూనే రెండో కన్ను చూసుకుని, బొమ్మని ముందుగది గోడకి అంటించి పనికి పోయేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. లోపలి గదిలో ఎందుకో తడిసిన చెక్కపొట్టు వాసన వేసేది. నా బట్టలదే అనుకుని పట్టించుకోలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఎలుగుబంటి పాఠం పెట్టుకున్నాను. చేతుల నిండా వెంట్రుకలున్నాయని ఆమె నన్ను ఎలుగు అనేది. ఒక్కచోట కుదురుగా కూర్చోదని నేను ఆమెని ఉడత అనేవాణ్ణి. ఎలుగుని బొద్దుగా గీసి, చెవి మీద ఓ పెన్సిల్ కూడా పెట్టాను. ఒక కన్ను గీశాను. ఖాళీ కుర్చీ వైపు చూసి పైకే అన్నాను.

"ఇది నేనే. రెండో కన్ను నువ్వే గియ్యి. ఇంక నన్ను వదిలి పోకు."

కుర్చీ కిర్రుమంది. నేను నా చేతులతో బిగించిన కుర్చీ, అంతకుముందు ఎన్నడూ కిర్రుమనలేదు.

సాయంత్రం మా మరదలు వచ్చింది, మా ఆవిడ చెల్లెలు. అప్పుడప్పుడూ వచ్చి, నేను తింటున్నానో లేదో చూసి, నాలుగు చీవాట్లు పెట్టి పోతుంది. బయట మబ్బు కమ్మి లైటు వేసుకోవాల్సినంత చీకటిగా ఉంది. ఆమె గోడ దగ్గర ఆగి, ఇవన్నీ మీరే గీశారా బావా అని అడిగింది. ఒక్కో బొమ్మలో ఒక కన్ను మీ అక్కదని చెప్పాను. జాలిపడుతుందనుకున్నాను. ఆమె ఒక్కో కన్నూ దగ్గరగా చూస్తూ గోడ పొడవునా నడిచింది.

"అక్కది ఎడమచెయ్యి కదా బావా," అంది, గొంతు బాగా తగ్గించి. "నీడ వేస్తే అక్క గీతలు ఎప్పుడూ ఎడమ పైనుంచి కుడి కిందికి జారేవి. ఇవన్నీ అటు నుంచి ఇటు వాలాయి..."

చెక్కలో నార ఎటు పోతోందో చీకట్లో తడిమి చెప్పగలిగిన మనిషిని. అప్పుడు చూశాను. ప్రతి రెండో కంట్లోనూ గీతలు కుడి పైనుంచి ఎడమ కిందికే వాలి ఉన్నాయి.

ఆమె కాదు.

మరి ఇన్నాళ్లూ నేను ఎవరికి కుర్చీ వేశాను?

అంతలో కరెంటు పోయింది. గాలి లేదు. వాన ఇంకా మొదలవలేదు. లోపలి గదిలోంచి చిన్న చప్పుడు... కాగితం మీద పెన్సిల్. సర్... సర్... సర్...

మరదలు నా చెయ్యి పట్టుకుంది. "లోపల ఎవరున్నారు బావా?"

ఎలుగు. బల్ల మీద ఎలుగు ఉంది. ఇది నేనే అని నా నోటితోనే చెప్పాను.

పరిగెత్తాను. అది గీయకముందే రెండో కన్ను నేను గీసెయ్యాలి. గుమ్మానికి మోకాలు కొట్టుకుంది. తడి చెక్కపొట్టు వాసన గొంతులోకి దూరింది. చప్పుడు ఆగింది... బల్ల మీద పెన్సిల్ ఇంకా దొర్లుతూనే ఉంది.

ఎలుగు నన్ను రెండు కళ్లతో చూస్తోంది. రెండో కంట్లో తెల్ల చుక్క లేదు.

రబ్బరు తీసుకుని రుద్దాను. తేలిగ్గానే చెరిగింది. సగం పోయేసరికి నా ఒక కంటికి గది మసకబారింది. ఇంకాస్త రుద్దాను... ఇంకాస్త తెల్లబడింది. నా చెయ్యి ఆగిపోయింది.

మరదలు ఆ పూటే నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. అక్కడ అందరూ బాగానే చూశారు. కొన్నాళ్లకి ఓ పొద్దున ఆ కంటి మసక దానంతటదే పోయింది. పరుగున ఇంటికొచ్చి చూశాను. చెరిపిన సగం మళ్లీ గీసి ఉంది.

ఇప్పుడు మళ్లీ మా ఇంట్లోనే ఉంటూ, ఆ కంటికి గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాను. పనిచోట అడిగితే పొట్టు పడిందని చెబుతాను. నిజానికి చూపు బాగానే ఉంది. గుడ్డ తీస్తే ఎదుటి కుర్చీ ఖాళీగా ఉండదు, అంతే. మరదలు ఇల్లు ఖాళీ చేసెయ్యమంటోంది. చెయ్యాలనే ఉంది. కానీ ఎక్కడికి వెళ్లినా ఆ కన్ను నాతోనే వస్తుంది కదా.

ఈ పొద్దున బల్ల మీద కొత్త కాగితం ఉంది. బొద్దుగా, తోక పైకెత్తుకుని ఒక ఉడత. ఒక్క కన్నే గీసి, అందులో తెల్ల చుక్క వదిలి, పెన్సిల్‌ని నా వైపు జరిపి పెట్టి ఉంది. పనికి వెళ్లలేదు. పెన్సిల్ పట్టుకుని ఇక్కడే కూర్చున్నాను.

ఉడత కంట్లో గీతలు, అచ్చం మా ఆవిడవి లాగే, ఎడమ పైనుంచి కుడి కిందికి జారి ఉన్నాయి.