పచ్చదీపం అబద్ధం

సాఫ్ట్‌వేర్ టెస్టర్ శవం ఆఫీసు లిఫ్టులో దొరికింది. మెడ మీద సూది గుర్తు. చేతిలోని ఫోన్‌లో పంపని మెసేజ్: "పచ్చదీపం అబద్ధం."

"రైళ్ల బ్రేకుల కొత్త సాఫ్ట్‌వేర్ సాయంత్రం నాలుగింటికి వెళ్తుంది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా అందులో తమ ఫైల్ దూర్చిందట. మొదట అందుకునేది నాలుగుంబావు ఎక్స్‌ప్రెస్. డ్రైవర్ మీ అక్క."

"సరే సార్," అన్నాడు ఏజెంట్.

డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్ పేరు మొద్దు. బావ ఇలాంటి మిషన్‌లోనే పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి అతనికి ఏడుపూ లేదు, నవ్వూ లేదు. ఆ రైల్లో అక్క ఉందని విన్నా ఏమీ అనిపించలేదు. అందుకు మాత్రం కాస్త సిగ్గేసింది.

వేషం సిద్ధమైంది: తెల్లగడ్డం, దళసరి కళ్లద్దాలు, బిల్డ్ ఇంజనీర్ కార్డు. మూడింటికల్లా బిల్డ్ రూమ్‌లో ఉన్నాడు. వేల ఫైళ్లు కలిసి ఒక్క సాఫ్ట్‌వేర్‌గా తయారయ్యే చోటు అది. గోడ మీద, అంతా సవ్యంగా కలిసిందని చెప్పే పచ్చదీపం నిశ్చింతగా వెలుగుతోంది.

ఆ పనంతా నడిపే స్క్రిప్ట్ తెరిచాడు. నలభయ్యో లైన్: తప్పు వస్తే వదిలెయ్, ముందుకు పద. అంటే బిల్డ్ మధ్యలో చెడినా దీపం పచ్చగానే ఉంటుంది, ఫోల్డర్‌లో ముందే పడి ఉన్న ఫైల్ వెళ్లిపోతుంది. ఆ ఫైల్ ఎవరు పెట్టినా సరే.

లైన్ తీసేశాడు. తప్పు వచ్చిన చోటే ఆగేలా మార్చి మళ్లీ నడిపాడు. దీపం ఎర్రబడింది: ఈ మెషీన్‌లో బిల్డ్‌ను ఎవరో కావాలనే చెడగొట్టారు.

"గొడుగు తెచ్చారా?" తలుపు దగ్గర ఆడగొంతు.

"ఎండ బాగుందిగా."

రహస్య సంకేతం సరిపోయింది. ముఠాలోకి మనవాళ్లు పంపిన ఏజెంట్, ఇక్కడ ఆడిటర్. ఎర్ర స్కార్ఫ్, చూపు తిప్పుకోనివ్వని అందం.

"కంగారేం లేదు. మీరు గెలికారు కాబట్టి ఎర్రదీపం. ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ మంచిదే. ఎవరూ ముట్టకుండా సీల్ చేసిన మెషీన్‌లో మళ్లీ బిల్డ్ కట్టి చూశాను. ఇదిగో దాని నంబర్, సరిగ్గా సరిపోతుంది. పంపించెయ్యండి."

ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే ఆ నంబర్, ఫోల్డర్‌లోని ఫైల్‌తో నిజంగానే సరిపోయింది. టైమ్ మూడూ యాభై.

"నేనూ ఒకసారి కట్టి చూస్తాను," అన్నాడు మొద్దు.

"నా మీద నమ్మకం లేదా?"

"దీపాన్నీ నమ్మానండీ."

సీల్ చేసిన మెషీన్ ఏడు నిమిషాలు తీసుకుంది. వచ్చిన నంబర్ వేరు; అంటే ఫోల్డర్‌లో ఉన్నది ముఠా ఫైలే. పంపే మీట ఆపేసేసరికి మూడూ యాభై తొమ్మిది. అదే క్షణంలో ఆమె లిప్‌స్టిక్‌లోంచి సూది దూసి మెడ మీద పొడిచింది. కాలర్ కింద ఉన్న స్టీల్ పట్టీకి తగిలి సూది వంగింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని గార్డులను పిలిచాడు.

నాలుగూ పదికి అక్క ఫోన్ చేసింది. "కొత్త బ్రేకులన్నారు, రాలేదురా! పాతవాటితోనే పోతున్నా. మీ ఆఫీసుల్లో ఒక్క పనీ టైముకి చెయ్యరు కదా!"

"జాగ్రత్తక్కా," అన్నాడు. కళ్లద్దాలు తడిశాయి. తీసి వాటిని వింతగా చూశాడు.

తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ నలభయ్యో లైన్ రాసిన వెధవ ఎవడయ్యా?"

"నేనే సార్. మూడేళ్ల కిందట ఇక్కడే మారువేషంలో ఉన్నప్పుడు. ఎర్రదీపం వెలిగితే మేనేజర్లు మీటింగ్ ఆపి నా చుట్టూ మూగేవాళ్లు. వేషం బయటపడుతుందని భయపడ్డాను. వెళ్లేటప్పుడు తీసెయ్యడం మర్చిపోయాను. టెస్టర్ దానివల్లే పోయాడు."

అవతల చీఫ్ పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.

"సరే... మిషన్ సక్సెస్ అని రాసుకోనా?"

"చెక్ చేసి రాసుకోండి సార్."