చిలకమ్మ చేసిన పేరుపలకలు

పూర్వం వనమాలిక అనే రాజ్యంలో పెరటితోట లేని ఇల్లే ఉండేది కాదు. రాజుగారి కోట మొదలు గొర్రెల కాపరి గుడిసె దాకా, ప్రతి ఇంటి వెనకా కూరపాదులూ, పూలమొక్కలూ, మందుమొక్కలూ కళకళలాడుతుండేవి.

అలాంటి రాజ్యం మీదికి ఒక ఉదయం ఉత్తరపు కొండల నుంచి బూడిదరంగు మంచు దిగింది. అది విడిపోయేసరికి మొక్కలన్నీ ఒకే పోలికకు వచ్చాయి. ఒకే ఆకు, ఒకే రంగు, ఒకే పసరు వాసన. వాటి పేర్లు కూడా జనం మనసుల్లోంచి చెరిగిపోయాయి. ఏది కూరో, ఏది విషమో తెలియక ఇల్లాళ్లు పొయ్యి వెలిగించడానికే భయపడ్డారు.

ఆ రాజ్యంలోని కుమ్మరి పల్లెలో చిలకమ్మ అనే అమ్మాయి తన నాయనమ్మతో ఉండేది. మట్టి ముద్ద చేతికిస్తే చాలు, అందులోంచి ఎగరబోయే పిచ్చుకనో, విచ్చుకోబోయే మొగ్గనో తీయగల నేర్పరి. ఆకలికి తాళలేక నాయనమ్మ పెరటి గోడ పక్కన దొరికిన ఆకు వండుకు తిని, కళ్లు తేలవేసి పడిపోయింది. ఆమె ఏ ఆకు తిన్నదో తెలిస్తేనే విరుగుడు ఇవ్వగలనని, అంతవరకు ప్రాణం నిలపడం మాత్రమే తన చేతనవుతుందని రాజవైద్యుడు చెప్పాడు.

చిలకమ్మ ఆయనకు నాయనమ్మను అప్పగించి, మంచు వచ్చిన దిక్కుగా బయలుదేరింది.

కొండ మొదట్లో ఒక ముని ఎదురయ్యాడు. మొక్కల పేర్లను ఒక రాక్షసుడు ఎత్తుకుపోయాడనీ, విడిపించిన పేరు మళ్లీ పారిపోకుండా దాన్ని పలక మీద చెక్కి మొక్క పక్కన నాటాలనీ ఆయన వివరించాడు. ఆ పలకకు నాగమడుగు మట్టి, వర్ణపక్షి ఈకల రంగు కావాలి. అయితే ఆ పక్షి ఈక పీకబోయిన చేయి కొయ్యబారిపోతుందని హెచ్చరించాడు.

నాగమడుగులో తెల్లని బంకమట్టి వెన్నలా మెరుస్తోంది. దాన్ని చుట్టుకుని ఒక మహాసర్పం పడుకుని ఉంది. తన బొమ్మను సరిగ్గా చేస్తేనే మట్టి ఇస్తానంది. చిలకమ్మ కోరలు చాచి బుసకొట్టే పామును చేసి చూపింది.

"నేనిలా ఉంటానా? నీ భయం ఎలా ఉందో చేశావు, నన్ను చేయలేదు" అంది సర్పం.

చిలకమ్మ సిగ్గుపడి, గట్టున కూర్చుని దాన్ని తేరిపార చూసింది. ఎండకు కళ్లు సగం మూసి, గుడ్ల చుట్టూ మెత్తగా చుట్టుకున్న తల్లి కనిపించింది. ఆ తల్లినే చేసిన రెండో బొమ్మను సర్పం తోకతో తన గుడ్ల పక్కకు లాక్కుంది. తర్వాత మట్టి తీసుకోమని పక్కకు జరిగింది.

వర్ణపక్షి దగ్గర ఆమె చేయి చాచలేదు. చెట్టు కింద కూర్చుని, అడవిపళ్లు తింటూ, ఈకలు వాటంతట అవే రాలేదాకా ఓర్పుగా ఎదురుచూసింది. నీళ్లలో వేయగానే అవి ఎరుపు, పసుపు, నీలం రంగులుగా కరిగాయి.

రాక్షసుడి గుహ నిండా సొరబుర్రలు వేలాడుతున్నాయి. ఒక్కో బుర్రలో ఒక్కో పేరు తేనెటీగలా రొద చేస్తోంది. పొగమంచు ఒళ్లున్న రాక్షసుడు ఆమె వచ్చిన పని విని నవ్వాడు.

"నాకు చదువు రాదు పిల్లా. చూడగానే ఇది ఫలానా మొక్క అని తెలిసేలా పలక చెయ్యి. తెలిస్తే దాని పేరు వదిలేస్తాను. ఒక్కటి తప్పినా నీ పేరు కూడా ఈ బుర్రల్లోనే మోగుతుంది."

చిలకమ్మ మట్టి పిసికి పలకలు ఒత్తింది. పేరు గుర్తులేకపోయినా ఆకుల ఆకారం ఆమె వేళ్లకు గుర్తుంది. ఒక పలక మీద బొడిపెల కాయను తీర్చి ముదురుపచ్చ పూసింది. రాక్షసుడు దాన్ని తడమగానే నోరంతా చేదెక్కి ముఖం ముడిచాడు. ఒక బుర్ర పగిలి 'కాకర' అనే పేరు బయటికొచ్చింది. చిలకమ్మ ముల్లుతో దాన్ని పలక మీద చెక్కేసింది. అలాగే తులసి వచ్చింది, బచ్చలి వచ్చింది, మందారం వచ్చింది. పని సాగేకొద్దీ రాక్షసుడు పందెం మరిచి, ఆమె చేతులకేసి చిన్నపిల్లాడిలా చూస్తూ కూర్చున్నాడు.

చివరిది నాయనమ్మను పడగొట్టిన మొక్క. నాయనమ్మ ఆకు కోసిన ఆ పెరటి గోడ పక్కన, మంచు రాకముందు ఈ మొక్క ఒక్కటే ఉండేదని ఆమెకు జ్ఞాపకం. కోపంతో దాన్ని ముళ్లపుట్టలా, వికారంగా చేయబోయి, సర్పం అన్న మాట తలచుకుని ఆగింది. ఆ మట్టిని మళ్లీ ముద్ద చేసింది. ముళ్లకాయతోపాటు, సాయంకాలం విచ్చుకునే ఆ పొడుగాటి తెల్లని పువ్వునూ ఉన్నదున్నట్టు తీర్చింది. రాక్షసుడు ఆ పువ్వును వేలితో తడిమాడు. 'ఉమ్మెత్త' అంటూ ఆఖరి బుర్ర పగిలింది.

పలకలన్నీ మూటకట్టుకుని చిలకమ్మ లేచింది. ఖాళీ గుహలో రాక్షసుడు ఒంటరిగా కూర్చున్నాడు. ఎందుకు ఎత్తుకొచ్చావని ఆమె అడిగింది.

"గడ్డిపరకకైనా పేరుంది. నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు" అన్నాడతను.

చిలకమ్మ మళ్లీ కూర్చుంది. నీకేదంటే ఇష్టమని అడిగితే, ఎండిన నేల మీద మొదటి చినుకు పడే చప్పుడన్నాడు. ఆమె మిగిలిన మట్టితో మబ్బు ఆకారంలో పలక చేసి, నీలం పూసి, పేరు చెక్కి అతని చేతిలో పెట్టింది.

"ఇది నీ పేరు. తొలకరి" అంది.

అతను ఆ మాటను మెల్లగా పలికి చూసుకున్నాడు. అతని మంచు ఒళ్లు కరిగి, పలకను చిలకమ్మ చేతిలోనే వదిలి, నల్లని మేఘమై గుహ దాటి, రాజ్యం మీద వానగా కురిసింది. ఆ వానకు ప్రతి మొక్కా తన ఆకునూ, తన వాసననూ తిరిగి తెచ్చుకుంది.

చిలకమ్మ పచ్చి పలకల మూట తడవకుండా ఆకులు కప్పి, తాను తడుస్తూ పరుగెత్తి వైద్యుడికి ఉమ్మెత్త పేరు చెప్పింది. విరుగుడు పడగానే నాయనమ్మ కళ్లు తెరిచి, తల తుడుచుకోమని మనవరాలిని కసిరింది.

పలకలు కుమ్మరి ఆవంలో కాలి గట్టిపడి, మొక్కల పక్కన నిలిచాయి. వాటి అందం చూసిన రాజుగారు రాజ్యంలోని తోటలన్నిటి పాలన చిలకమ్మకే అప్పగించారు. ఆమె ఊరూరా తిరిగి పిల్లలకు పలకలు చేయడం నేర్పింది. నీలి మబ్బు పలకను మాత్రం ఉత్తరపు కొండ మీద తన చేతులతోనే నాటింది. ఏటా మొదటి చినుకు దానిమీదే పడేది. అది చూశాకే వనమాలిక రైతులు అరకలు కట్టేవారు.