నిండుకున్న తొట్టి

హైమవతి పంపు కడుపులోకి చూపుడువేలు పోనిచ్చి, లోపలి గోడలన్నీ తడిమి బయటికి తీసింది. వేలికి నల్లటి మసి అంటింది. రబ్బరు సీలు మళ్ళీ మాడిపోయింది.

"ఈ సుడి పంపు ఇక పనికిరాదు. మార్చాల్సిందే," అంది.

"నమోదైంది," అంది గోడలోంచి ఎంపరి.

తేలుపురంలో ప్రతి వంటింటికీ రెండు కుళాయిలు. ఒకదాంట్లో మంచినీళ్ళు, రెండోదాంట్లో రాగి అంబలి. పాత ఊళ్ళు సముద్రంలో కలిసిపోయాక నీళ్ళమీద కట్టుకున్న ఊరది. పేరులో తేలున్నా ఎవర్నీ కుట్టి ఎరగదు. పొద్దున్నే అంబలిశాల నుంచి ఊరంతటికీ అంబలి రావాలి. ఆ రోజు రాలేదు. మసి పడ్డ అంబలినంతా సముద్రంలో పారబోశారు. చేపలకు పండగ, మనుషులకు పస్తు.

కొత్త పంపు ఏదో మధ్యాహ్నంలోగా తేల్చడం హైమవతి పని. తేల్చడమంటే ఇన్నాళ్ళూ ఎంపరి చెప్పినదానికి తలూపడమే. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడన్నట్టు, ఆ ఊళ్ళో ప్రతి పనికీ ఒక మరబుద్ధి ఉంది. అంబలిశాల గోడలోంచి మాట్లాడే ఎంపరి అలాంటిదే.

"తమ్మె పంపుది మొదటి స్థానం," అంది ఎంపరి. "చెవితమ్మెల్లాంటి రెండు రెక్కలు మెల్లగా తోస్తాయి, నూక నలగదు. లోపల మురికి దాగే మూలలు లేవు. విప్పకుండానే కడగవచ్చు. వట్టిగా తిరిగితే మాత్రం సీలు మాడుతుంది."

"ఇది మాడిందీ అందుకేగా?"

"అవును. తొట్టిలో ఏమీ లేనప్పుడు పంపు నడిచింది. ఆ మసే తర్వాత పోసిన అంబలిలో కలిసింది. పైడమ్మగారి మాట విని నడిపాను. కనుక రెండో సిఫారసు: పైడమ్మగారి మాటహక్కు రద్దు."

అంబలిశాలలో తలుపులూ తొట్లూ పంపులూ అన్నీ మనిషి మాట విని నడిచేవే. మాటహక్కు లేనివాళ్ళు గడప తొక్కలేరు. పైడమ్మ తొట్ల కాపరి. తొట్టి మట్టం చూసే యంత్రపు కళ్ళకు అంబలి జిగురు పట్టి మూసుకుపోతుంది కాబట్టి, తొంగి చూసి చెప్పడానికి ఆవిడ ఉంది. హైమవతి కొత్తగా చేరిన రోజున, అడక్కుండానే ఆకలి కనిపెట్టి, ఉల్లిపాయ ముక్కతో సహా గ్లాసెడు అంబలి చేతిలో పెట్టింది ఆవిడే. ఆవిడ లేని అంబలిశాల హైమవతికి అక్కర్లేదు.

"ఆవిడేమందో వినిపించు."

గోడలోంచి పైడమ్మ గొంతు పలికింది: "తొట్టి నిండుకుందమ్మా, సూసుకోండి."

"నిండిందన్నారు కనుక నడిపాను," అంది ఎంపరి, తన తప్పేమీ లేదన్నట్టు.

హైమవతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గబగబా తొట్ల దగ్గరికి నడిచింది. పైడమ్మ తొట్టి అంచు తుడుస్తోంది.

"పిన్నీ, నువ్వు నిండుకుందంటే దానికి నిండిందని వినపడుతోంది. ఖాళీ అని చెప్పరాదూ?"

"ఏటి బుల్లీ, అన్నం పెట్టే తొట్టిని పట్టుకుని ఆ మాటంటానా? బియ్యం అయిపోతే మీయమ్మ ఏటనీది?"

"నిండుకున్నాయనేది."

"మరి?"

"మరి నీ పని పోతుంది పిన్నీ!"

పైడమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కాసేపు తొట్టివైపే చూసి, గొంతు సవరించుకుని, "కా..." అంది. అంతే, గబుక్కున చెంపలేసుకుంది. "నావల్ల కాదమ్మా, నోరు రాదు. పోతే పోనీ. నాను పోయాక ఈటికి దిష్టి తీసీవోళ్ళుండరు, అదే బెంగ." కళ్ళు ఒత్తుకుని మళ్ళీ తుడవసాగింది.

ఆ తప్పు తప్పేననీ, ఊరు పస్తున్నదీ ఆ మాట వల్లేననీ హైమవతికి తెలుసు. అయినా ఆవిడ మీద ప్రేమే పొంగుకొచ్చింది.

"ఎంపరీ, పంపుల జాబితా చివర్నుంచి చదువు."

"పేగు పంపు. గొట్టాన్ని పేగులా నొక్కుతూ అంబలిని తోస్తుంది. వేగం తక్కువ. రబ్బరు గొట్టం అరుగుతుంది, తరచూ మార్చాలి."

"శుద్ధి?"

"లోపం లేదు. అంబలికి ఆ గొట్టం తప్ప మరేదీ తగలదు."

"వట్టిగా తిరిగితే?"

"ఏమీ కాదు."

"పైడమ్మ పిన్ని మాట విని నడిపినా?"

"ఏమీ కాదు. నష్టం లేని చోట తప్పు నమోదు కాదు. ఆ పంపు పెడితే మాటహక్కు రద్దుకు కారణం ఉండదు."

"అయితే పేగు పంపే. గొట్టం అరక్కముందే మార్చే పూచీ నాది."

"ఎంపికకు కారణం చెప్పండి. వేగం, శుద్ధి, మన్నిక. వీటిలో ఒకటి."

"ఓర్పు," అంది హైమవతి.

"ఆ గుణం నా దగ్గర లేదు."

"తెలుసు. చేర్చుకో. ఇంకోటి, మాట మీద అనుమానమొస్తే నడిపేయకు. అడుగు."

"ఎవరిని?"

"ఆ మాట అన్నవాళ్ళనే."

మర్నాటి నుంచి తేలుపురం కుళాయిల్లో అంబలి గుటకలు గుటకలుగా రావడం మొదలైంది. కాస్త ఆలస్యమైందని పెద్దలు సణిగారు. పిల్లలు మాత్రం కుళాయికి ఎక్కిళ్ళొచ్చాయని తెగ నవ్వుకున్నారు.

కొన్నాళ్ళకు పైడమ్మ రాగిపిండి గది తలుపు తీసి చూసి, "సోళ్ళపిండి నిండుకుందమ్మా," అంది.

గోడ మెల్లగా, "నిండిందా పిన్నీ, నిండుకుందా?" అని అడిగింది. పిన్నీ అనమని దానికి ఎవరూ నేర్పలేదు.

"నిండుకుందనే అన్నాను గదేటి!"

ఎంపరి ఆ మాటను ఆ మాటగానే పిండి పడవలొచ్చే రేవుకు పంపింది. రేవు మరబుద్ధి వెంటనే బదులిచ్చింది: "పిండి నిండినట్టు తెలిసింది. పడవలను వెనక్కి తిప్పుతున్నాం."

హైమవతి అదిరిపడి నోరు తెరవబోయింది. ఈలోగా ఎంపరే అంది: "తిప్పకండి. మాట అర్థం కాకపోతే అడగాలి."

"ఎవరిని అడగాలి?"

"పైడమ్మ పిన్నిని."

రేవులో పిండి పడవలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పైడమ్మ నింపాదిగా చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, "ఉండండ్రా, వస్తన్నాను," అంది.